అమెరికాలో కాలేజీ టెన్నిస్ ఆడితే ప్రొఫెషనల్ ఆశ వదులుకున్నట్టేనా?

బ్రాడీపేట_నాన్న:
అందరికీ నమస్కారం. గుంటూరు నుంచి రాస్తున్నాను. మా అబ్బాయి సీబీఎస్ఈలో ప్లస్ వన్ చదువుతున్నాడు. అండర్-18 టోర్నీలు ఆడుతున్నాడు, ఆట స్థాయిని అంకెలో చెప్పే యూటీఆర్ రేటింగ్ పదిన్నర దగ్గర ఉంది. ప్రొఫెషనల్ అవ్వాలని వాడికి గట్టిగా ఉంది. ప్లస్ టూ అయ్యాక ఏం చెయ్యాలనే దాని మీద ఇంట్లో రోజూ చర్చే. కాలేజీకి పంపితే ఆట అక్కడితో సరి, రెండేళ్లు ఫ్యూచర్స్ (ప్రొఫెషనల్ ఆటలో మొదటి మెట్టు టోర్నీలు) ఆడించండి అని అకాడమీ కోచ్ గారు అంటున్నారు. న్యూజెర్సీలో ఉన్న మా బావమరిదేమో స్కాలర్‌షిప్ మీద అక్కడి కాలేజీలో చేర్పించమంటాడు. నాకు ఆట గురించి తెలిసిందల్లా కోర్టు బయట కూర్చుని చూసిందే. డబ్బు సంగతి దాచేదేం లేదు. నాది మిర్చి కమీషన్ వ్యాపారం. ఏడాదికి పదిహేను, ఇరవై లక్షల దాకా పెట్టగలను, అది దాటితే పొలం అమ్మాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

డ్యూస్_దొర:
కోచ్ గారు చెప్పిందాంట్లో న్యాయం ఉందండీ. పద్దెనిమిది నుంచి ఇరవై రెండు దాకా ఆట కుదురుకునే వయసు. సుమిత్ నాగల్ ఏ కాలేజీకీ వెళ్లలేదు, 2024లో 68వ ర్యాంకుకు వచ్చాడు. యూకీ భాంబ్రీ 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్ జూనియర్ టైటిల్ గెలిచి నేరుగా టూర్‌లోకి వెళ్లాడు. ఆట మీదే బతకాలనుకున్నవాడికి క్లాసులు, అసైన్‌మెంట్లు, సెమిస్టర్ పరీక్షలు ఎందుకు?

వర్జీనియా_వాలీ:
దొర గారూ, నాగల్ 68 అన్నారు. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ 2011లో 62 దాకా వెళ్లాడు. అతను వర్జీనియా యూనివర్సిటీలో సోషియాలజీ డిగ్రీ పూర్తి చేసి మరీ టూర్‌లోకి వచ్చినవాడు. ఆ యూనివర్సిటీ ఉన్న షార్లట్స్‌విల్ ఊళ్లోనే ఉంటున్నాను కాబట్టి ఈ కథ కాస్త వివరంగా చెప్తాను. నాన్నగారి ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఇందులోనే ఉంది.

జూనియర్‌గా సోమ్‌దేవ్ గురించి ప్రపంచం పెద్దగా మాట్లాడుకోలేదు. పొడుగూ కాదు, పెద్ద సర్వూ లేదు. కాళ్లు, ఓపిక, ఒక్క పాయింటునూ తేలిగ్గా వదలని గుణం, ఇవే అతని ఆస్తి. అలాంటివాడు పద్దెనిమిదేళ్లకే ఫ్యూచర్స్‌లో తిరిగి ఉంటే ఖర్చులకే సతమతమయ్యేవాడని నా నమ్మకం. కాలేజీలో ఏడాది పొడవునా మంచి కోచ్, ట్రైనర్, రోజూ తనతో సమానంగా ఆడేవాళ్లు దొరికారు. 2006లో అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ నడిపే పోటీల్లో సింగిల్స్ ఫైనల్‌కు వెళ్లి ఓడిపోయాడు. 2007లో మళ్లీ ఫైనల్. ఎదురుగా జార్జియా యూనివర్సిటీ కుర్రాడు జాన్ ఇస్నర్, ఆరడుగుల పది అంగుళాల మనిషి. మ్యాచ్ జరిగింది కూడా జార్జియా వాళ్ల సొంత ఊరు ఏథెన్స్‌లోనే, జనమంతా అతని వైపే. మొదటి సెట్ టైబ్రేక్‌లో 9-7, రెండోది ఇస్నర్‌కు 6-4, మూడోది మళ్లీ టైబ్రేక్, 7-2తో సోమ్‌దేవ్ గెలిచాడు. 2008లో ఆ సీజన్ మొత్తం మీద 44 గెలుపులు, ఒక్క ఓటమి. టైటిల్ మళ్లీ అతనిదే.

డిగ్రీ చేతికొచ్చిన కొన్ని నెలలకే, 2009 జనవరిలో, వైల్డ్ కార్డుతో చెన్నై ఓపెన్ ఆడాడు. కార్లోస్ మోయాను, ఇవో కార్లోవిచ్‌ను ఓడించి ఫైనల్ చేరాడు. ఫైనల్లో మారిన్ చిలిచ్ చేతిలో ఓడాడు. కాలేజీ వాళ్ల ఆటకు పదును ఉండదనే మాట మన దేశంలో ఆ వారంతో పోయి ఉండాలి. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో సింగిల్స్ స్వర్ణం, గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సింగిల్స్, డబుల్స్ రెండింట్లోనూ స్వర్ణం. ఆ డబుల్స్‌లో జోడీ సనమ్ సింగ్, అతనూ వర్జీనియాలో ఆడినవాడే.

ఉక్కునగరం:
మనవాణ్ణి మర్చిపోతే ఎలా? సాకేత్ మైనేని. పుట్టింది ఉయ్యూరులో, ఆట మా విశాఖది. అలబామా యూనివర్సిటీ తరఫున కాలేజీ టెన్నిస్ ఆడి తిరిగొచ్చాడు. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం, సనమ్ సింగ్‌తో డబుల్స్ రజతం. 2016లో యూఎస్ ఓపెన్ క్వాలిఫయింగ్ గెలిచి మెయిన్ డ్రాలోకి వెళ్లాడు. మొదటి రౌండ్లో వెసెలీతో ఐదు సెట్లు పోరాడి ఓడాడు. ఆ రాత్రి మేం నిద్రపోలేదు. ముప్పై దాటాక కూడా హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్‌తో కలిసి రజతం తెచ్చాడు. విశాఖ కోర్టుల నుంచి అంతదాకా వెళ్లిన మనిషి మధ్యలో కాలేజీ చదివాడని మన అకాడమీల్లో ఎంతమంది పిల్లలకు చెప్తున్నారు?

ఆడపిల్లల తల్లిదండ్రులైతే సహజ యమలపల్లి పేరు గుర్తుపెట్టుకోండి. టెక్సాస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్‌లో ఆడింది. అదేం పేరున్న టెన్నిస్ కాలేజీ కాదు. అయినా భారత నంబర్ వన్ దాకా వచ్చింది, బిల్లీ జీన్ కింగ్ కప్ జట్టులో ఆడింది.

డ్యూస్_దొర:
వీళ్లందరి మీదా నాకు గౌరవం ఉంది. కానీ నాలుగు పేర్లు చూసి వేలమంది పిల్లలను ఆ దారిలో పెట్టలేం. అల్కరాజ్, సిన్నర్ ఏ కాలేజీలో చదివారు? పైస్థాయికి చేరేవాడు పంతొమ్మిదేళ్లకే తెలిసిపోతాడు.

వర్జీనియా_వాలీ:
అల్కరాజ్ లాంటివాడైతే ఎవరూ ఇక్కడికొచ్చి అడగరండీ, వాడి దారి వాడికి పదహారేళ్లకే తెలుస్తుంది. ఆ తర్వాతి మెట్టులో ఉన్నవాళ్ల గురించి మనం మాట్లాడుకుంటున్నాం. ఇప్పుడు చాలామంది ఆటగాళ్లు ఇరవై ఐదు దాటాకే పైకొస్తున్నారు. దక్షిణాఫ్రికా నుంచి ఇల్లినాయ్ యూనివర్సిటీకి వచ్చిన కెవిన్ ఆండర్సన్ 2017 యూఎస్ ఓపెన్ ఫైనల్, 2018 వింబుల్డన్ ఫైనల్ ఆడాడు. ఆ వింబుల్డన్ సెమీస్‌లో ఐదో సెట్ 26-24 దాకా పోయింది, మ్యాచ్ ఆరున్నర గంటలు దాటింది. అవతల ఉన్నది మళ్లీ ఇస్నరే. కోర్టులో ఉన్న ఇద్దరూ కాలేజీ ఆటగాళ్లే. టెక్సాస్ క్రిస్టియన్‌లో చదివిన కామెరాన్ నోరీ 2022లో ప్రపంచ 8వ ర్యాంకు.

నిన్నమొన్నటిది కావాలంటే 2025 అక్టోబర్ షాంఘై మాస్టర్స్. మొనాకోకు చెందిన వాలెంటిన్ వాషెరో ర్యాంకు 204, క్వాలిఫయింగ్ నుంచి వచ్చాడు. సెమీస్‌లో జొకోవిచ్‌ను ఓడించాడు, ఫైనల్లో సొంత కజిన్ ఆర్థర్ రిండర్‌నెక్‌ను ఓడించి టైటిల్ గెలిచాడు. ఇద్దరూ టెక్సాస్ ఏ అండ్ ఎంలో ఆడినవాళ్లే. మన దేశం నుంచి దక్షిణేశ్వర్ సురేశ్ వేక్ ఫారెస్ట్‌కు ఆడాడు. ర్యాంకు ఆరు వందలు దాటి ఉన్నప్పుడే 2025 సెప్టెంబర్‌లో స్విట్జర్లాండ్ మీద డేవిస్ కప్‌లో దించితే, తొలి మ్యాచ్‌లోనే గెలిచాడు.

ఆరో_కోర్టు:
నేను డివిజన్ వన్ (కాలేజీ క్రీడల్లో పై స్థాయి) కాలేజీలో నాలుగేళ్లు ఆడాను, హైదరాబాద్ అమ్మాయిని. పైన గెలిచినవాళ్ల పేర్లు బాగా చెప్పారు. లోపల రోజులు ఎలా గడుస్తాయో నేను చెప్తాను.

మన దగ్గర టెన్నిస్ ఒంటరి ఆట. అక్కడ మాత్రం జట్టు ఆట. రెండు కాలేజీల మధ్య మ్యాచ్‌ను డ్యూయల్ మ్యాచ్ అంటారు. ముందు మూడు డబుల్స్, ఒక్కోటి ఒకే సెట్. అందులో రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింటు. తర్వాత ఆరు కోర్టుల మీద ఒకేసారి ఆరు సింగిల్స్, గెలిచిన ఒక్కోదానికీ ఒక్కో పాయింటు. నాలుగు ఎవరికి ముందొస్తే వాళ్లదే మ్యాచ్. గేమ్‌లో అడ్వాంటేజ్ ఉండదు, 40-40 అయితే ఒక్క పాయింటుతో తేలిపోవాలి.

స్కోరు 3-3 అయి, మిగిలింది నా ఆరో కోర్టు ఒక్కటే అనుకోండి. అప్పటిదాకా వేరే కోర్టుల దగ్గరున్న జనం, రెండు జట్లూ నా ఫెన్సింగ్ దగ్గరకొచ్చి నిలబడతారు. ఇండోర్ కోర్టు అయితే అరుపులు రేకుల కప్పుకు తగిలి తిరిగొస్తాయి, అవతల అమ్మాయి రాకెట్‌కు బంతి తగిలిన చప్పుడు కూడా వినపడదు. సెకండ్ సర్వ్‌కు బంతి ఎగరేసే ముందు వెనకనుంచి నా పేరు పెట్టి కేకలు. మన సబ్ జూనియర్ టోర్నీల్లో అమ్మానాన్న, ఒక అంపైర్, ఒక కుక్క తప్ప ఎవరూ ఉండరు కదా. అలాంటి చోటు నుంచి వచ్చిన పిల్లకు మొదటి సీజన్‌లో చేతులు వణుకుతాయి. రెండో సీజన్‌కు ఆ గోలే కావాలనిపిస్తుంది. సోమ్‌దేవ్ చెన్నైలో అంత జనం ముందు నిలబడ్డాడంటే నాకు ఆశ్చర్యం లేదు.

కష్టం కూడా చెప్పాలి. తెల్లవారుజామున వెయిట్స్, తర్వాత క్లాసులు, మధ్యాహ్నం ప్రాక్టీస్, రాత్రి లైబ్రరీ. సీజన్‌లో ప్రాక్టీస్, మ్యాచ్‌లు వారానికి 20 గంటలు దాటకూడదని రూలు. బస్సు ప్రయాణం, ఫిజియో దగ్గర గడిపే సమయం అందులోకి రావు. శుక్రవారం ఒక రాష్ట్రం, ఆదివారం ఇంకో రాష్ట్రం, సోమవారం మిడ్‌టర్మ్. తోటి అమ్మాయిలు చెక్, బ్రెజిల్, జపాన్ నుంచి వస్తారు. మొదటి చలికాలం ఇంటి మీద బెంగ ఆపుకోలేం.

ఫ్రిస్కో_అమ్మ:
బ్రాడీపేట అన్నయ్యగారికి నమస్తే. డబ్బు లెక్క నేను చెప్తాను. మా ఇంట్లో ఇద్దరూ ఈ దారిలోనే వెళ్లారు.

మగపిల్లల జట్లకు డివిజన్ వన్‌లో చాలా ఏళ్ల పాటు మొత్తం 4.5 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటిని కోచ్ జట్టంతటికీ పంచేవాడు. ఆడపిల్లలకు ఎనిమిది, అవి ఫుల్. అందుకే అమ్మాయిలకు ఫుల్ రైడ్ (మొత్తం ఖర్చు ఇచ్చే స్కాలర్‌షిప్) దొరికినంత తేలిగ్గా అబ్బాయిలకు దొరికేది కాదు. కాలేజీ ఆటగాళ్లు వేసిన కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ సెటిల్‌మెంట్ (రాజీ ఒప్పందం) తర్వాత, అందులో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయింది. బదులుగా జట్టులో పదిమందికి మించి ఉండకూడదు. వినడానికి బాగుంది కదా, పదిమందికీ ఫుల్ ఇవ్వొచ్చు. కానీ ఇవ్వడానికి డబ్బుండాలి. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌కే ఎక్కువ పోతోంది. కొన్ని కాలేజీలైతే టెన్నిస్ జట్లనే ఎత్తేశాయి. కాబట్టి కోచ్ నోటిమాటగా అన్నది పట్టించుకోవద్దు, ఆఫర్ కాగితం మీద చూడండి. ఎంత శాతం, ఒక ఏడాదికా నాలుగేళ్లకా, గాయమైతే ఉంటుందా, ఈ మూడూ రాతలో అడగండి.

ఏడాదికి 50 వేల డాలర్లు అయ్యే చోట 60 శాతం ఇస్తే మిగతా 20 వేలు మీరు కట్టాలి, పైన విమానం టిక్కెట్లు. మీరు చెప్పిన బడ్జెట్‌కు అది దాదాపు సరిపోతుంది. డివిజన్ త్రీలోనూ, హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి ఐవీ లీగ్‌లోనూ ఆటకు స్కాలర్‌షిప్ ఉండదు, కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం చేస్తారు. మంచి మార్కులున్న పిల్లాడైతే అది కూడా చూడండి.

ఎవరూ చెప్పని ఒక సంగతి పన్ను. స్కాలర్‌షిప్‌లో ట్యూషన్ మీద పన్ను లేదు. హాస్టలు, భోజనం కింద ఇచ్చేదాని మీద మన పిల్లలకు సాధారణంగా 14 శాతం పట్టుకుంటారు. భారత్, అమెరికా పన్ను ఒప్పందంలో ఆర్టికల్ 21 కింద మన విద్యార్థులు స్టాండర్డ్ డిడక్షన్ తీసుకోవచ్చు. 1040-ఎన్ఆర్ ఫారం వేస్తే పట్టుకున్నదాంట్లో చాలా వరకు వెనక్కొస్తుంది. మిగతా దేశాల పిల్లల్లో చాలామందికి ఈ వెసులుబాటు లేదు.

ఇంకోటి, ఎన్ఐఎల్ అని వింటుంటారు, ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవడం. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు. తోటి అమెరికన్ కుర్రాడు ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ చేశాడని మనవాడూ చేస్తే వీసాకే ఎసరు.

బ్రాడీపేట_నాన్న:
చెల్లెమ్మా, చాలా థాంక్స్. పన్ను గురించి ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు. ఇంకో సందేహం. ప్లస్ టూ అయ్యాక ఒక ఏడాది ఖాళీ తీసుకుని ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నీలు ఆడించి, ర్యాంకు తెచ్చుకుని, ఆ తర్వాత కాలేజీకి పంపితే ఎలా ఉంటుంది? స్కాలర్‌షిప్ కూడా పెరుగుతుందేమో కదా?

కోచ్_ఈసీఐఎల్:
ఈ ప్రశ్న దగ్గరే మన పిల్లలు ఎక్కువగా దెబ్బతింటున్నారు సార్, అందుకే నిదానంగా చెప్తాను. టెన్నిస్‌కు ఎన్‌సీఏఏలో ఏళ్ల తరబడి ఉన్న నియమం: స్కూలు చదువు అయ్యాక ఆరు నెలలు గడువు. అది దాటాక టోర్నీలు ఆడుతూ పోతే కాలేజీలో ఆడే ఏళ్లలో కోత పడుతుంది. అర్హత నియమాలు ఇప్పుడు వేగంగా మారుతున్నాయి కాబట్టి ఏ ఏజెంటు మాటా నమ్మకుండా, మీవాణ్ణి తీసుకుంటామన్న కాలేజీలో ఈ నియమాలు చూసే కంప్లయన్స్ ఆఫీసుకే మెయిల్ రాసి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. ఎంసెట్ లాంగ్‌టర్మ్ కోచింగ్ లెక్కలో ఏడాది ఆగుదాం అనుకోవడం ఇక్కడ పనికిరాదు.

ప్రైజ్ మనీ కూడా చూసుకోవాలి. గెలిచిన డబ్బుకు, టోర్నీ ఖర్చులకు ప్రతి బిల్లూ దాచండి. 2023లో రష్యా అమ్మాయి డయానా ష్నైడర్ ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో గెలిచిన డబ్బులో చాలా భాగం వదులుకుని నార్త్ కరోలినా స్టేట్‌కు ఒక సీజన్ ఆడింది. తర్వాతి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో డబుల్స్ రజతం. ప్రైజ్ మనీ నియమం మీద కేసులు కూడా నడిచాయి.

చదువు వైపు చూస్తే, డివిజన్ వన్‌కు ఇంగ్లీషు, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టుల్లో 16 కోర్ కోర్సులు, వాటిలో సగటున 2.3 జీపీఏ కావాలి. ఎస్ఏటీ తప్పనిసరి అన్న నియమం 2023లో ఎన్‌సీఏఏ తీసేసింది, కొన్ని కాలేజీలు మాత్రం అడుగుతాయి. లెక్క తొమ్మిదో తరగతి నుంచే మొదలవుతుంది, ఇంటర్ మార్కులు ఒక్కటే చాలవు. మీవాడు సీబీఎస్ఈ కాబట్టి కొంత నయం. కార్పొరేట్ కాలేజీలో పొద్దున్నుంచి రాత్రి దాకా కూర్చోబెట్టే ఎంపీసీ అయితే ఆటకే టైం ఉండదు, అందుకే చాలామంది ఓపెన్ స్కూలుకు మారుస్తున్నారు. మార్చే ముందు ఆ సర్టిఫికెట్ చెల్లుతుందో లేదో అర్హత తేల్చే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో కనుక్కోవాలి, మారాక కాదు.

ఇక మీ కోచ్ చెప్పిన రెండేళ్ల ఫ్యూచర్స్. వాటిలో అన్నిటికన్నా కింది మెట్టైన ఎం15 టోర్నీ టైటిల్ గెలిస్తే చేతికొచ్చేది 2,160 డాలర్లు. మొదటి రౌండ్లో ఓడితే హోటల్ బిల్లు కూడా రాదు. కోచ్, ప్రయాణం, గట్టింగ్ (రాకెట్ తీగలు బిగించడం), ఫిజియో అన్నీ సొంత డబ్బే. పిల్లాడు ప్రతి మ్యాచ్‌కూ నాన్న పొలం గుర్తు చేసుకుంటూ ఆడతాడు. కాలేజీలో ఉంటే రాకెట్లు, గట్టింగ్, ప్రయాణం జట్టు భరిస్తుంది, వేసవి సెలవుల్లోనూ సెమిస్టర్ మధ్య ఖాళీల్లోనూ అవే ఎం15లు ఆడొచ్చు.

డ్యూస్_దొర:
సరే కోచ్ గారూ, ఒకటి చెప్పండి. కాలేజీలో బాగా ఆడినవాడికి టూర్‌లో తలుపు తెరుచుకుంటుందా? లేక డిగ్రీ అయ్యాక మళ్లీ ఎం15 మొదటి మెట్టు నుంచేనా?

కోచ్_ఈసీఐఎల్:
మొన్నటి దాకా మొదటి మెట్టే. 2023 నుంచి పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం ఏటీపీ, కాలేజీ టెన్నిస్ సంఘం ఐటీఏ కలిసి యాక్సిలరేటర్ పథకం నడుపుతున్నాయి. కాలేజీ సింగిల్స్ ర్యాంకింగ్‌లో మొదటి ఇరవైలో ముగించినవాళ్లకు ఫ్యూచర్స్ కన్నా పై మెట్టైన ఛాలెంజర్ టోర్నీల్లో చోటు ఇస్తారు. అక్కడ రెండు మూడు మంచి వారాలు పడితే ర్యాంకు వందల్లో మారుతుంది. మొదటి ఇరవైలో రావడమే పెద్ద పని, అది వేరే మాట.

ఆరో_కోర్టు:
కాలేజీ పేరు చూసి మాత్రం వెళ్లొద్దు అంకుల్. పదిన్నర యూటీఆర్‌తో అబ్బాయిల పెద్ద జట్లలో చోటు దొరకదు, అక్కడ పన్నెండు, పదమూడు ఉన్నవాళ్లుంటారు. దొరికినా బెంచ్ మీద కూర్చుంటాడు. ఇప్పుడు కాలేజీ మారాలనుకున్న ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వల్ల కోచ్‌లు ఏటా వేరే కాలేజీ నుంచి ఇరవై రెండేళ్ల ఆటగాణ్ణి తెచ్చుకోవచ్చు. పద్దెనిమిదేళ్ల కొత్తవాడికి ఓపిక పట్టే కోచ్‌లు తగ్గిపోయారు. మీవాడు మొదటి ఏడాదే నాలుగు, ఐదు, ఆరు నంబర్లలో ఆడగలిగే చోటు చూడండి. డివిజన్ టూలో కూడా గట్టి జట్లున్నాయి. వారానికి రెండు మ్యాచ్‌లు ఆడినవాడే ఎదుగుతాడు.

మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. రెండేళ్లయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, ఆ తర్వాత 60, 80 శాతం పూర్తవ్వాలి, లేకపోతే ఆడనివ్వరు. మా జట్టులో ఒకమ్మాయి రెండో ఏడాది చివర్లో బిజినెస్ నుంచి కంప్యూటర్ సైన్స్‌కు మారాలనుకుంది. పాత క్రెడిట్లు కొత్త డిగ్రీకి లెక్క రాక, శాతం సరిపోక ఆగిపోయింది. మన పిల్లలకు ఇది మరీ ముఖ్యం. డిగ్రీ అయ్యాక ఓపీటీ (విద్యార్థి వీసా మీదే అక్కడ పని చేసే అనుమతి) మామూలుగా ఏడాదే, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) డిగ్రీ అయితే ఇంకో రెండేళ్లు. ప్రొఫెషనల్ అవ్వకపోతే ఆ రెండేళ్లే ఉద్యోగానికి ఆధారం.

బ్రాడీపేట_నాన్న:
తల్లీ, ఈ మేజర్ సంగతి మావాడికి నేనే చదివి వినిపించాను. మౌనంగా విన్నాడు, తర్వాత వాడే ల్యాప్‌టాప్ తీసి కాలేజీలు వెతకడం మొదలుపెట్టాడు. కోచ్‌లకు మెయిల్ ఎవరు రాయాలి, నేనా వాడా? హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ అన్నీ మేమే చూస్తామంటోంది.

కోచ్_ఈసీఐఎల్:
వాడే రాయాలి. నాన్న రాసిన మెయిల్ అని కోచ్‌కు మొదటి రెండు లైన్లలోనే తెలిసిపోతుంది. యూటీఆర్ లింకు, పుట్టిన తేదీ, ప్లస్ టూ ఎప్పుడు అవుతుంది, మార్కులు, ఎందుకు ఆ కాలేజీ, ఇంతే. వీడియోలో మ్యూజిక్, స్లో మోషన్ వద్దు. కోర్టు వెనక నుంచి, ఎత్తులో కెమెరా పెట్టి ఒక పూర్తి సెట్ కోత లేకుండా పంపండి. ఓడిన సెట్ అయినా ఫర్వాలేదు, పాయింటు పోయాక పిల్లాడు ఎలా నడుస్తున్నాడో కూడా వాళ్లు చూస్తారు.

ఆరో_కోర్టు:
కోచ్ ఫోన్‌లోకి వచ్చినప్పుడు మూడు విషయాలు అడగమనండి. వచ్చే మే నెలలో జట్టు నుంచి ఎవరెవరు వెళ్లిపోతున్నారు? నిరుడు ఐదు, ఆరు నంబర్లలో ఆడినవాళ్ల యూటీఆర్ ఎంత? కోచ్ లేకుండా జట్టులోని ఒక విదేశీ విద్యార్థితో మాట్లాడనిస్తారా? మూడోదానికి తటపటాయిస్తే ఆ కాలేజీని లిస్టులోంచి తీసేయండి.

బ్రాడీపేట_నాన్న:
వాడు ఇప్పుడే ఈ మూడూ నోట్‌బుక్‌లో రాసుకున్నాడమ్మా. ఆదివారం ఎన్టీఆర్ స్టేడియంలో మ్యాచ్ ఉంది, సెట్ మొత్తం తీస్తాం. ముందు ఇక్కడ పెడతాను, కోచ్ గారూ మీరూ చూసి చెప్పండి.